పందేనికి బరి వేరు - ముంబయి రోడ్డు బరి కాదు

బుచ్చిరెడ్డిపాలెం: పొద్దు వాలి చల్లగాలి తిరిగే వేళకు ముంబయి రోడ్డు పక్కన టీ బంకుల దగ్గర కుర్రకారు చేరుతుంది. గ్లాసులో టీ చల్లారుతుంది గాని మాట చల్లారదు. ఏ బండి ఎన్ని సీసీలు, ఏ కారు సున్నా నుంచి నూరు కిలోమీటర్ల వేగాన్ని ఎన్ని సెకన్లలో అందుకుంటుంది, ఏ కారు నేలకు జానెడెత్తున పోతుంది - ఇదే గోష్ఠి. ఫెరారీ, లాంబోర్గినీ, పోర్షే కార్లను కళ్ళారా చూసినవారు ఆ గుంపులో వున్నా లేకపోయినా వాటి జాతకాలు మాత్రం అందరికీ కంఠతా వచ్చు.

అదే రోడ్డు మీద ఆత్మకూరు బస్సు పోతూ వుంటుంది. కృష్ణపట్నం రేవు దిక్కుగా లారీలు పోతూ వుంటాయి. కోతల కాలమైతే వడ్ల లోడుతో ట్రాక్టర్లు రైసు మిల్లులకు బారులు తీరతాయి. గేదెలు ఇల్లు చేరే వేళ కూడా అదే. వీటన్నిటి నడుమ నుంచి సైలెన్సరు మార్చిన మోటారు సైకిలొకటి చెవులు చిల్లులు పడే మోతతో దూసుకుపోతుంది. టీ బంకు దగ్గర కుర్రవాళ్ళు శభాష్ అంటారు. రోడ్డు దాటబోతున్న పెద్దాయన మనవడి రెట్ట పట్టి వెనక్కు లాగుతాడు. బుచ్చిలో వేగం గురించిన వాదమంతా ఆ శభాష్‌కూ ఈ రెట్ట పట్టి లాగడానికీ మధ్యనే వుంది.

వేగాభిమానుల మూడు మాటలు

కార్ల మీద, మోటారు సైకిళ్ళ మీద మోజున్నవారు ఎక్కడి వారైనా సరే, వారి వాదన ముఖ్యంగా మూడు మాటల్లో వుంటుంది.

వేగం పాపం కాదన్నది మొదటి మాట. ఎడ్ల పందేలు, గుర్రప్పందేలు, పడవ పందేలు ఆడిన మనుషులకు ఇంజను దొరికితే దానితోనూ పందెం వేయాలనిపించడం సహజమే అంటారు.

మంచి కారుకు మంచి బ్రేకులుంటాయన్నది రెండో మాట. డొక్కు కారు 60 కిలోమీటర్ల వేగంతో పోతే వచ్చే ముప్పు, చెయ్యి తిరిగినవాడు మంచి కారును 120తో నడిపినా రాదంటారు.

మూడోది ఫిర్యాదు. వెనక లైటు లేని ట్రాక్టరు, రోడ్డు మీద ఎండబోసిన వడ్లు, ఎదురు దారిలో వచ్చే ఆటో - ఇవేవీ వేగంగా పోయేవి కావు. అయినా ప్రాణాలు తీస్తున్నాయి. అందరూ తమనే తిడతారెందుకని అడుగుతారు.

పెద్దలు వీటన్నిటికీ ఒకే సామెతతో జవాబు చెబుతారు: పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలు. పాడి వున్న ఊళ్ళలో ఆ సామెతకు విలువ ఎక్కువే. కాని సామెతతో కుర్రవాళ్ళ నోరు మూయించవచ్చు గాని మనసు మార్చలేము. మొదటి మాట నిజమే. మూడో మాటలోనూ చాలావరకు నిజం వుంది. ప్రాణాలు పోతున్నది రెండో మాట దగ్గర. అది ఎందుకు తప్పో కార్ల పందేల చరిత్రే చెబుతుంది.

రోడ్డు మీద మొదలై బరికి చేరిన పందెం

తిరునాళ్ళలో ఒంగోలు ఎడ్ల బండలాగుడు పోటీ ఎలా జరుగుతుందో పల్లెవాసులకు చెప్పనవసరం లేదు. ముందు చేను చదును చేస్తారు. గీతలు గీస్తారు. ఇరువైపులా తాళ్ళు కట్టి జనాన్ని అవతల నిలబెడతారు. ఎద్దు బెదిరినా మనిషి మీదికి రాకుండా చూస్తారు. ఎంత మొనగాడి జత అయినా సంత వీధిలో బండ లాగించరు. బరి లేనిదే పందెం లేదన్నది మన పెద్దలు ఎన్నడో తెలుసుకున్న నీతి.

కార్ల ప్రపంచం ఈ నీతిని నెత్తురు చిందించి నేర్చుకున్నది. మొదట్లో కార్ల పందేలు మామూలు రోడ్ల మీదే జరిగేవి. 1903 మే నెలలో ఫ్రాన్సు రాజధాని పారిస్ నుంచి స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌కు పెద్ద పందెం పెట్టారు. చూడవచ్చిన జనం రోడ్డు అంచుల్లోనే నిలబడ్డారు. దుమ్ములో దారి కనబడక కార్లు చెట్లను, మనుషులను ఢీకొన్నాయి. రెనో కార్ల కంపెనీ స్థాపకుల్లో ఒకరైన మార్సెల్ రెనో ఆ పందెంలోనే దెబ్బ తిని మరణించాడు. పోటీదార్లే కాక చూడవచ్చినవారూ చనిపోయారు. ఫ్రెంచి ప్రభుత్వం పందేన్ని నడి దారిలో బోర్డో నగరం దగ్గరే ఆపించింది.

ఆ రోజుల్లో ఇంగ్లండులో రోడ్డు మీద కారు గంటకు 20 మైళ్ళకు మించి పోరాదని చట్టం వుండేది. అక్కడి జమీందారు హ్యూ లాక్ కింగ్ చట్టాన్ని తిట్టుకుంటూ కూర్చోలేదు. తన సొంత భూమిలో బ్రూక్‌లాండ్స్ అనే చోట కార్ల పందేలకే ప్రత్యేకంగా ఒక బాట వేయించాడు. 1907లో అది తెరుచుకుంది. కార్ల పందేల కోసమే కట్టిన తొలి ట్రాక్‌గా దానికి పేరు. వేగం కావాలంటే రోడ్డుకు దూరంగా దానికి వేరే చోటు చూపాలన్న ఆలోచన నూరేళ్ళకు పైబడినదే.

ట్రాక్ కట్టగానే ముప్పు పోలేదు. 1955 జూన్ 11న ఫ్రాన్సులోని ల మాన్ పందెంలో ఒక కారు ఎగిరి జనంలో పడింది. 80 మందికి పైగా చనిపోయారు. తాడు కట్టినంత మాత్రాన చాలదని, జనానికీ కారుకూ మధ్య గోడా దూరమూ రెండూ వుండాలని ఆ ఘోరంతో తెలిసివచ్చింది. ఆ తరువాత స్విట్జర్లాండు దేశం కార్ల పందేలను నిషేధించింది.

మన మద్రాసు దారిలోనే షోలవరం

ఈ కథ మనకు దూరపుదేమీ కాదు. నెల్లూరు నుంచి మద్రాసు పోయే దారిలో నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ, గుమ్మిడిపూండి దాటాక రెడ్ హిల్స్‌కు ముందు షోలవరం అనే ఊరు వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ విమానాల కోసం రన్‌వే వేశారు. యుద్ధం ముగిశాక విమానాలు పోయాయి, రన్‌వే మిగిలింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ రన్‌వేను పందెం బాటగా మార్చుకున్నది.

కొన్ని దశాబ్దాల పాటు దక్షిణ దేశంలో కార్ల పందెమంటే షోలవరమే. ఫియట్, అంబాసిడర్, హెరాల్డ్ కార్ల ఇంజన్లను విప్పి, బరువు తగ్గించి, పదును పెట్టి తెచ్చేవారు. మోటారు సైకిళ్ళ పందేలకు వేల జనం వచ్చేవారు. విజయ్ మాల్యా వంటి ధనికులు విదేశాల నుంచి తెప్పించిన ఫార్ములా వన్ కారుతో అక్కడ పోటీ పడ్డారు. డబ్బున్నవారి ఆట అనిపించినా అందులో గ్యారేజీ మెకానిక్కుల పనితనం ఎక్కువ. వున్న ఇంజను నుంచి మరి నాలుగు గుర్రాల బలం పిండుకోవడం వారి విద్య.

తరువాత ఆ క్లబ్ శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుని 1990లో అక్కడికి మారింది. సుమారు 3.7 కిలోమీటర్ల చుట్టు అది. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అని పిలుస్తున్నారు. బుచ్చి నుంచి 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం.

మారుతి ఇంజనుతో రేసు కారు

ఈ ఆటలో తెలుగు మూలాలున్న వారి పాత్ర తక్కువది కాదు. తరాల కిందట తెలుగునాట నుంచి పోయి కోయంబత్తూరులో స్థిరపడిన నాయుళ్ళ కుటుంబాలు అక్కడ నూలు మిల్లులు పెట్టి పేరు తెచ్చుకున్నాయి. అటువంటి లక్ష్మీ మిల్స్ కుటుంబంలో పుట్టిన ఎస్. కరివర్ధన్ కార్ల పందేల పిచ్చివాడు. విదేశీ రేసు కారు కొనే స్తోమత దేశంలో కొద్దిమందికే వుందని గ్రహించి, 1980ల చివరలో మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు రేసు కారును తయారు చేశాడు. దానికి ఫార్ములా మారుతి అని పేరు. మన వీధుల్లో పెళ్ళివారిని మోసిన చిన్న కారు ఇంజనే అక్కడ పందెపు గుర్రమయింది. 1995లో కరివర్ధన్ విమాన ప్రమాదంలో మరణించాడు. 2003లో కోయంబత్తూరు దగ్గర తెరిచిన ట్రాక్‌కు ఆయన పేరే పెట్టి కరి మోటార్ స్పీడ్‌వే అన్నారు.

అదే కోయంబత్తూరుకు చెందిన నరేన్ కార్తికేయన్ శ్రీపెరుంబుదూరు ట్రాక్ మీద ఫార్ములా మారుతి కారుతోనే పందేలు మొదలుపెట్టాడు. 2005లో ఫార్ములా వన్ పోటీల్లో కారు నడిపిన తొలి భారతీయుడు అయ్యాడు. చిన్న ఇంజనుతో, సరైన బరిలో, గురువుల దగ్గర నేర్చుకుంటూ పోతే ఎంత దూరం పోవచ్చో చెప్పడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కర్లేదు. ఆ తరువాత హైదరాబాదుకు చెందిన అనిందిత్ రెడ్డి 2016లో జె.కె. టైర్ జాతీయ పోటీల్లో విజేతగా నిలిచాడు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల పందెం ఫార్ములా-ఇ జరిగింది. సుమారు 2.8 కిలోమీటర్ల చుట్టు. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. గమనించవలసిన సంగతి ఒకటుంది. అది మామూలు నగరపు రోడ్డే. కాని పందెం కోసం ఆ రోడ్డును మూసివేశారు. రెండు వైపులా సిమెంటు దిమ్మెలు, వాటిపై ఇనుప వల కట్టారు. నగరవాసులు ట్రాఫిక్ ఇబ్బంది పడ్డారు, సణిగారు కూడా. అంత ఏర్పాటు చేశాకనే కారును వదిలారు. 2024లో చెన్నైలో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రివేళ జరిగిన కార్ల పందేలకూ అంతే.

బరిలో ఏముంటుంది?

ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకు పోతారు. ఎదురు వచ్చేవారు వుండరు. కుక్క, గేదె, సైకిలు, స్కూలు పిల్ల వుండరు. మలుపు తప్పితే కారు పోయి ఆగడానికి అవతల ఖాళీ స్థలం, కంకర మడి, పాత టైర్ల గోడ వుంటాయి. పందేనికి ముందు ప్రతి బండినీ తనిఖీ చేస్తారు. బ్రేకు, టైరు, హెల్మెట్ ఏది సరిగా లేకపోయినా లోపలికి రానివ్వరు. డాక్టరు, అంబులెన్సు, మంటలార్పేవారు సిద్ధంగా వుంటారు.

చుట్టూ జెండాల వాళ్ళు నిలబడతారు. పసుపు జెండా చూపితే ముందు ప్రమాదం వుందని అర్థం. అక్కడ ఎవరినీ దాటరాదు. ఎర్ర జెండా చూపితే పందెం ఆగినట్టే. నీలి జెండా చూపితే వెనక వేగంగా వచ్చేవాడికి దారి ఇవ్వాలి. లక్షల ఖరీదు కారు నడిపేవాడైనా జెండా మాట జవదాటితే శిక్ష తప్పదు. రోడ్డు మీద ట్రాఫిక్ పోలీసును చూసి సందులోకి తిప్పుకునే అలవాటు అక్కడ చెల్లదు.

పోటీలు లేని రోజుల్లో 'ట్రాక్ డే' అని మరో ఏర్పాటు వుంది. రుసుము కట్టి ఎవరి బండి వారు తెచ్చుకుని ట్రాక్ మీద నడపవచ్చు. ముందు కూర్చోబెట్టి నియమాలు చెబుతారు. కొత్తవారిని, అనుభవం వున్నవారిని వేరు చేస్తారు. అది పందెం కాదు, గెలుపోటములు లేవు. తన బండికీ తనకూ ఎంత శక్తి వుందో తెలుసుకోవడమే పని. ఒకసారి పోయి వచ్చినవారిలో చాలామంది చెప్పే మాట వినదగ్గది. ట్రాక్ మీద నడిపాక తమకు ఎంత రాదో తెలిసిందని, రోడ్డు మీద తొందర తగ్గిందని అంటారు.

ఇంత కట్టుదిట్టం వున్నా మృత్యువు బరిలోకి రాదని కాదు. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీదే 2023 జనవరి 8న 59 ఏళ్ళ అనుభవజ్ఞుడు కె.ఇ. కుమార్ కార్ల పందెంలో మరణించారు. అదే ఏడాది ఆగస్టులో మోటారు సైకిల్ పందెంలో పదమూడేళ్ళ బెంగళూరు కుర్రవాడు పోయాడు. డాక్టరు పక్కనే వున్న చోట, తనిఖీ చేసిన బండి మీద, హెల్మెట్ పెట్టుకున్నవారికే అలా జరిగితే, ఇవేవీ లేని రోడ్డు మీద ఏమవుతుందో వేరే చెప్పాలా?

కొబ్బరి చెట్టు లెక్క

మంచి బ్రేకుల మాట తేలాలంటే కొంచెం లెక్క చూడాలి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకు సుమారు 17 మీటర్లు పోతుంది. ముందు ఏదో అడ్డం వచ్చిందని కన్ను చూసి, బుద్ధికి తట్టి, కాలు బ్రేకు మీద పడేసరికి మెలకువగా వున్న మనిషికైనా దగ్గర దగ్గర సెకను పడుతుంది. ఆ తరువాత కదా బ్రేకు పని మొదలయ్యేది. పొడి రోడ్డు, మంచి టైర్లు అయితే మొత్తం 37 మీటర్ల దగ్గర కారు ఆగుతుంది.

అదే కారు 120తో పోతే ఆగడానికి 110 మీటర్ల పైన కావాలి. వేగం రెట్టింపయితే దూరం రెట్టింపు కాలేదు. మూడు రెట్లు అయింది. చదరంగా వున్న ఎకరం మడి ఒక గట్టు నుంచి మరో గట్టుకు సుమారు 64 మీటర్లు. 60తో పోయేవాడు ఆ మడి సగం దాటగానే ఆగితే, 120తో పోయేవాడికి రెండు మళ్ళు దాదాపు సరిపోతాయి. వాన పడినా, రోడ్డు మీద వడ్లు వున్నా ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. రాత్రివేళ లైటు కిందికి దించి నడిపితే దారి అంత దూరం కనబడనే కనబడదు. అంటే అడ్డం వున్న వస్తువు కంటబడేసరికే ఆగే అవకాశం దాటిపోయి వుంటుంది. ఎంత ఖరీదు కారైనా ఈ లెక్కను కొంచెం తగ్గించగలదు గాని తుడిచివేయలేదు.

దెబ్బ సంగతి మరీ ఘోరం. 60 కిలోమీటర్ల వేగంతో గోడకు గుద్దుకోవడం సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి నేల మీద పడడంతో సమానం. ఎదిగిన కొబ్బరి చెట్టు మీద నుంచి పడినట్టన్నమాట. 120తో గుద్దుకుంటే ఆ ఎత్తు నాలుగింతలు. ఒకదానిపై ఒకటి నిలబెట్టిన నాలుగు కొబ్బరి చెట్ల మీద నుంచి దూకి బతుకుతానని ఎవరూ పందెం వేయరు. యాక్సిలరేటరు తొక్కేటప్పుడు మాత్రం ఆ ఎత్తు కనబడదు. అదే చిక్కు.

చెయ్యి తిరిగినవారికీ తప్పలేదు

చెయ్యి తిరిగినవాడికి ఏమీ కాదన్న మాటకు జవాబు చెన్నైలో దొరుకుతుంది. కార్ల పందేల్లో జాతీయ విజేతగా పేరు పొందిన అశ్విన్ సుందర్ 2017 మార్చి 18 తెల్లవారుజామున శాంథోమ్ రోడ్డులో తన కారు చెట్టుకు గుద్దుకుని మంటలు లేవడంతో భార్యతో సహా ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ట్రాక్ మీద ఎన్ని పందేలు గెలిచినా రోడ్డు పక్క చెట్టుకు ఆ సంగతి తెలియదు. ట్రాక్ మీద అయితే అక్కడ చెట్టు వుండేది కాదు.

మన రాష్ట్రాల సంగతీ చూడవచ్చు. 2011 సెప్టెంబరులో హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు మీద వెయ్యి సీసీ మోటారు సైకిల్ పడిపోయి మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ కుమారుడు, వెంట వున్న బంధువు కుర్రవాడు మరణించారు. 2017 మేలో నెల్లూరుకు చెందిన నాటి మంత్రి కుమారుడు, అతని మిత్రుడు జూబ్లీహిల్స్‌లో మెట్రో స్తంభానికి కారు గుద్దుకుని పోయారు. 2018 ఆగస్టు 29 తెల్లవారి శ్రీ నందమూరి హరికృష్ణ నల్గొండ దగ్గర అన్నెపర్తి వద్ద కారు ప్రమాదంలో మరణించారు. కారు ఆయనే నడుపుతున్నారు. సీటుబెల్టు పెట్టుకోలేదని అప్పట్లో వెల్లడయింది. ఆ రోజు ఆయన బయలుదేరింది మన జిల్లాలోని కావలిలో అభిమాని ఇంటి పెళ్ళికి. పెళ్ళిపందిట్లో ఎదురుచూసినవారికి అందిన కబురు జిల్లా ఇంకా మరచిపోలేదు.

2025 సెప్టెంబరులో పక్కనే వున్న సంగం మండలం పెరమన దగ్గర, ఇదే ముంబయి రోడ్డు మీద, ఇసుక టిప్పరు, కారు ఎదురెదురుగా ఢీకొని కారులోని ఏడుగురు చనిపోయారు. పేరున్నవారయితే పత్రికల్లో పెద్ద అక్షరాలు పడతాయి. పేరు లేనివారి ఇళ్ళలో పొయ్యి ఆరిపోతుంది. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా అందులో నూటికి 71 మంది చావుకు అతివేగం కారణం.

ఊరివారి వంతు

మూడో మాటకు, అంటే ఆ ఫిర్యాదుకు కూడా జవాబు చెప్పాలి. వేగంగా పోయే కుర్రవాడిని తిట్టినంత మాత్రాన ఊరి బాధ్యత తీరదు. కోతల కాలంలో కళ్ళం లేక, చోటు లేక వడ్లను రోడ్డు మీద పోస్తున్నారు. రాశి చుట్టూ రాళ్ళు పెడుతున్నారు. రాత్రి అయ్యాక నల్ల పట్ట కప్పుతున్నారు. చీకట్లో వచ్చే మోటారు సైకిల్ వాడికి ఆ పట్టా, ఆ రాయీ యమపాశాలే. అతడు వేగంగా పోయేవాడే కానక్కర్లేదు. నెల్లూరులో కూలి పని ముగించుకుని వచ్చేవాడు కావచ్చు.

ట్రాక్టరు ట్రక్కు వెనక ఎర్ర రేడియం స్టిక్కరు అంటించడానికి పెద్ద ఖర్చు కాదు. కోత మిషను రోడ్డెక్కితే ముందొకరు వెనకొకరు లైటుతో పోవడం కష్టం కాదు. చెడిపోయిన లారీని రోడ్డు మీద నిలిపితే వెనక కొమ్మలు విరిచి పెట్టడం పాత పద్ధతి. దానికి బదులు ఎర్రగా మెరిసే త్రికోణం పెడితే రాత్రికీ పనికొస్తుంది. ధాన్యం ఆరబోయడానికి ఊరి దగ్గర చప్టాలు కావాలని రైతులు కోరడం న్యాయమే. అవి వచ్చేవరకు కనీసం రాళ్ళు తీసివేసి, రాత్రిపూట రాశులు లేకుండా చూసుకోవడం మన చేతిలో పని.

కోదండరామస్వామి తేరు కదిలేటప్పుడు వేలమంది ముందుకు లాగుతుంటే, చక్రాల దగ్గర కొందరు దాన్ని అదుపు చేయడానికే వుంటారు. లాగేవారిదే భక్తి, ఆపేవారిది కాదని ఎవరూ అనరు. ఇద్దరూ వుంటేనే తేరు క్షేమంగా నిలయానికి చేరుతుంది.

తండ్రికి జైలు, కొడుక్కి లైసెన్సు లేదు

1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించి శిక్షలు పెంచారు. రోడ్డు మీద పందేలు వేస్తే 189వ సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ పట్టుబడితే ఏడాది వరకు జైలు, 10,000 వరకు జరిమానా. కారు అతివేగంగా నడిపితే 1,000 నుంచి 2,000 రూపాయల జరిమానా.

అన్నిటికన్నా తల్లిదండ్రులు తెలుసుకోవలసింది 199-ఎ సెక్షన్. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి, బండి యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి ఇరవై అయిదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. మార్కులు వచ్చాయనో, ఏడుస్తున్నాడనో బండి తాళం చేతికిచ్చే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రమాదం చూసినవారు కేసుల్లో ఇరుక్కుంటామని జంకవలసిన పని లేదు. దెబ్బ తిన్నవారిని ఆదుకునేవారికి అదే చట్టంలో 134-ఎ సెక్షన్ రక్షణ ఇస్తున్నది. వెంటనే 108కి ఫోను చేయాలి.

యుద్ధ విమానమూ దారి అడిగింది

ఈ వాదానికి చివరి సాక్ష్యం మన విజయవాడ దారిలోనే వుంది. అద్దంకి దాపున కొరిసపాడు దగ్గర జాతీయ రహదారిని అత్యవసరంలో విమానాలు దిగేందుకు రన్‌వేగా తయారు చేశారు. 2022 డిసెంబరు 29న, మళ్ళీ 2024 మార్చి 18న వైమానిక దళం వారు అక్కడ పరీక్షలు జరిపారు. సుఖోయ్ యుద్ధ విమానాలు రోడ్డుకు అతి చేరువగా వచ్చి పోయాయి. చూడడానికి చుట్టుపట్ల ఊళ్ళవారు తరలివచ్చారు. అయితే విమానం రాకముందే ఆ రోడ్డు మీద లారీలను, బస్సులను ఆపి వేరే దారికి మళ్ళించారు. దేశాన్ని కాపాడే విమానం కూడా రోడ్డును ఖాళీ చేయించి గాని దిగలేదు.

షోలవరంలో విమానాల బాట పందేలకు పనికొచ్చింది. కొరిసపాడులో బండ్ల బాట విమానాలకు పనికొచ్చింది. రెండు చోట్లా షరతు ఒకటే: ముందు బాట ఖాళీ కావాలి. బుచ్చి దగ్గర ముంబయి రోడ్డు ఎన్నడూ ఖాళీ కాదు. దాని మీద బస్సు ఎక్కే విద్యార్థులు, మిల్లుకు పోయే వడ్లు, జొన్నవాడ కామాక్షమ్మ దర్శనానికి పోయే కుటుంబాలు, ఆసుపత్రికి పోయే రోగులు వుంటారు.

వేగం మీద మోజున్న కుర్రవాళ్ళను తిట్టి ఊరుకోనక్కర్లేదు. పందెపు బరి మన జిల్లాలో లేదన్నది వారి న్యాయమైన బాధ. రుసుము, టైర్లు, పెట్రోలు, తోలు దుస్తులు, హెల్మెట్ అన్నీ కలిస్తే ట్రాక్ డే ఖర్చు రైతు బిడ్డకు భారమే. నలుగురు కలిసి ఏడాదికి ఒకసారి ఇరుంగాట్టుకోట్టై పోయి రావచ్చు. నడపలేకపోతే గ్యాలరీలో కూర్చుని చూసి రావచ్చు. జెండాల వాళ్ళను, అంబులెన్సును, టైర్ల గోడను చూసి వచ్చినవాడికి బుచ్చి రోడ్డులో అవేవీ లేవన్న సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు. అప్పుడు టీ బంకు దగ్గర ఎంతసేపైనా కార్ల గోష్ఠి పెట్టుకోవచ్చు. టీ తాగి ఇంటికి పోయేటప్పుడు మాత్రం, ఆ పెద్దాయన మనవడి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటేవరకు బండి ఆపాలి.